గల్లా దగ్గర అడిగిన దానానికి "వద్దు" అంటే పాపమా?

శ్రీ లక్ష్మీనృసింహాయ నమః.

ధర్మపురి వీడియో చూసి చాలామంది దర్శనం గురించి, గోదావరి స్నానాల గురించి, స్వామి సన్నిధిలోనే ఉన్న యమధర్మరాజు ఆలయం గురించి అడిగారు. తెలిసినంతవరకు జవాబులు చెప్పాను. ఈ వారం రాసేది మాత్రం ఆ వీడియోలో లేని సంగతి. కెమెరా సర్దుకుంటున్నప్పుడు ఒకావిడ వచ్చి అడిగిన ప్రశ్న అది. పది నిమిషాల వీడియోలో తేలేది కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఆవిడది కోరుట్ల. బీడీలు చుడుతుంది. మనుమరాలిని వెంటబెట్టుకుని దర్శనానికి వచ్చింది. "అయ్యా, మీరు శాస్త్రం చెప్తరు గదా. దానం అడిగితే లేదన్న. పాపం తగుల్తదా?" అంది.

ఎవరమ్మా అడిగింది అంటే చెప్పింది. బీడీల బట్వాడా అందిన మర్నాడు జగిత్యాలలో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళింది. నూనె, సబ్బులు, మనుమరాలికి రెండు నోటుబుక్కులు తీసుకుంది. బిల్లు 487 రూపాయలైంది. గల్లా దగ్గర కూర్చున్న అమ్మాయి, "అమ్మా, పేదపిల్లల వైద్యానికి పదమూడు రూపాయలు కలిపి ఐదువందలు చేసేదా?" అని అడిగింది. వెనక ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. ఈవిడ "వద్దు బిడ్డా" అంది. ఆ పదమూడు రూపాయలకు ఎన్ని ఆకులు కత్తిరించాలో, ఎన్ని బీడీలు చుట్టాలో ఆవిడకు నోటి లెక్క. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదట. పిల్లల వైద్యానికి అడిగితే లేదన్నాను, రేపు నా మనుమరాలికి ఏమన్నా అయితే? అదీ ఆవిడ భయం.

"పాపం లేదమ్మా" అని అప్పటికి చెప్పి పంపాను. కానీ ఎందుకు లేదో చెప్పకుండా పంపిన మాట ఆవిడకు ఎంతవరకు పట్టిందో అనుమానమే. అందుకే ఇదంతా.

ఇది ఆవిడ ఒక్కదానికి వచ్చిన ఇబ్బంది కాదు. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో కూడా ఇప్పుడు పెద్ద దుకాణాలు వచ్చాయి. గల్లా పక్కన బోసినవ్వుల పిల్లల ఫోటోతో ఒక డబ్బా ఉంటుంది. కొన్నిచోట్ల నోటితో అడుగుతారు. ఫోన్లో అయితే మరీ సులువు. బుక్‌మైషోలో సినిమా టికెట్టు తీస్తే 'బుక్ ఎ స్మైల్' పేరుతో టికెట్టుకో రూపాయి కనిపిస్తుంది. జొమాటోలో తిండి తెప్పిస్తే 'ఫీడింగ్ ఇండియా' పేరుతో రెండు మూడు రూపాయల గడి ఉంటుంది. అడిగేది చిన్న మొత్తమే. కాదనడానికి సిగ్గేసేంత చిన్నగా ఉండడంలోనే దాని బలం ఉంది. వంద అడిగితే ఎవరైనా ఆలోచిస్తారు, రెండు రూపాయల దగ్గర ఆలోచించేవాడు పిసినారిలా కనిపిస్తాడు.

ఇలా అడగడం కొత్తేమీ కాదు. వ్యాపారులు సరుకు ధర పక్కన ధర్మం పేరిట కొంచెం కలిపి తీసుకునే అలవాటు ఈ దేశంలో చాలా పాతది. దాన్ని ధర్మాదా అంటారు. ఆ పైసలతో సత్రాలు కట్టించినవాళ్ళు, గోశాలలు నడిపినవాళ్ళు ఉన్నారు. దీని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు కూడా ఒకటుంది. ఉత్తరప్రదేశ్ హాత్రస్‌లో బిజ్లీ కాటన్ మిల్స్ అని ఒక మిల్లు. నూలు, దూది అమ్మినప్పుడల్లా బిల్లులో ధర్మాదా పేరుతో అణాల లెక్కన వసూలు చేసేది. ఇది మీ ఆదాయమే, పన్ను కట్టండి అంది ఆదాయపు పన్ను శాఖ. 1970ల చివర్లో సుప్రీంకోర్టు కాదని తేల్చింది. కొన్నవాడు ఆ అణాలు ఇచ్చేటప్పుడే ధర్మం కోసమని ఇచ్చాడు, కాబట్టి అవి మిల్లు చేతికి వచ్చినా మిల్లు సొమ్ము కావు అన్నది ఆ తీర్పు సారం. సిరిసిల్లలో నూలు వ్యాపారం తెలిసినవాళ్ళకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. నూలు కట్ట ధర వేరు, దాని మీద చెప్పిన ధర్మం వేరు. రెండూ ఒకే గల్లాలో పడినా రెండింటి యజమానులు వేరు.

ఈ ఒక్క విషయం పట్టుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. మనం గల్లా దగ్గర ఇచ్చే పదమూడు రూపాయలకు దాతలం మనం. దుకాణం కేవలం మోసుకెళ్ళే మనిషి. మరి ఏడాది చివర పెద్ద అట్టముక్క చెక్కు పట్టుకుని ఫోటో దిగేది ఎవరు? ఆ చెక్కు మీద ఎవరి పేరు ఉంటుంది? గుప్తదానం గొప్పదని మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. ఇక్కడ విచిత్రమేమిటంటే, ఇచ్చినవాళ్ళది గుప్తంగానే ఉంటుంది, మోసినవాళ్ళదే ప్రకటన అవుతుంది.

అన్ని దుకాణాలూ ఇలాగే చేస్తాయని నేను అనను. డబ్బు ఎక్కడికి పోతుందో, ఏ సంస్థకు ఎంత చేరిందో గోడ మీద రాసి పెట్టేవాళ్ళూ ఉండొచ్చు, వాళ్ళకు దండం. ఇంకో మాట కూడా తెలిసి ఉండాలి. 2013 కంపెనీల చట్టం, 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటితే ఈ బాధ్యత వస్తుంది. అది కంపెనీ తన లాభంలోంచి పెట్టవలసిన ఖర్చు. కొనేవాళ్ళ దగ్గర పోగైన చిల్లర దాని కిందికి రాదు.

ఇది చదివి రేపు గల్లా దగ్గర ఉపన్యాసం ఇవ్వకండి. కోరుట్లలో ఒక పెద్దమనిషి అలాగే చేయడం నేను చూశాను. నాలుగువేల బిల్లు చేసి, ఐదు రూపాయలు అడిగినందుకు ఆ అమ్మాయికి చట్టాలన్నీ వినిపించాడు. ఆ పిల్ల నెల జీతం మీద పనిచేసేది. అడగమని మేనేజర్ చెబితే అడిగింది. ఎంతమందితో ఇప్పించావని సాయంత్రం ఆమెను లెక్క అడిగేవాళ్ళు కూడా ఉంటారేమో. ఆయన మాటల్లో తప్పేమీ లేదు. చెప్పిన చోటు తప్పు. అంత చట్టం తెలిసినాయన ఆ ఐదు రూపాయలు మరెక్కడైనా ఇచ్చాడా అంటే, అది ఆయనకూ ఆ నరసింహస్వామికీ తెలియాలి.

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. అడిగినప్పుడు ఇవ్వకపోవడం పాపమా?

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి బయల్దేరే శిష్యుడికి గురువు చివరి మాటలు చెబుతాడు. అక్కడే దానం ప్రస్తావన వస్తుంది. దానానికి శ్రద్ధ కావాలంటాడు. శ్రద్ధ లేనప్పుడు ఇవ్వకూడదనే శంకరాచార్యులవారు భాష్యం చెప్పారు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించేది ఆ తర్వాతి మాట. దాతకు సిగ్గు కూడా ఉండాలట, భయం కూడా ఉండాలట. పైపైన చూస్తే గల్లా దగ్గర జరిగేది ఇదే కదా అనిపిస్తుంది. సిగ్గుపడి ఇస్తున్నాం, ఎవరేమనుకుంటారో అని భయపడి ఇస్తున్నాం. ఉపనిషత్తు చెప్పినట్టే నడుస్తున్నాం అనుకోవచ్చు!

కానీ ఆ సిగ్గు ఎవరి ముందు? భగవంతుడు నాకు ఇంత ఇచ్చాడు, నేను ఇచ్చేది ఇంతేనా అని దాత లోపల పడే సిగ్గు అది. ఆ సిగ్గు ఉన్నవాడు ఇచ్చేటప్పుడు తల వంచుకుంటాడు, ఇచ్చినదాన్ని చాటుకోడు. గల్లా దగ్గరి సిగ్గు వెనక నిలబడ్డ ఏడెనిమిది మంది కళ్ళది. వాళ్ళు లేకపోతే ఆ సిగ్గూ లేదు. ఖాళీ దుకాణంలో మధ్యాహ్నం పూట అదే అమ్మాయి అదే మాట అడిగితే మనం ఏం చెబుతామో ఒకసారి ఊహించుకోండి. రెండు జవాబుల మధ్య ఎంత తేడా ఉందో, అంతమేరకు అది దానం కాకుండా పోయినట్టు. గీత పదిహేడో అధ్యాయంలో దానాన్ని మూడు రకాలుగా చెప్పినప్పుడు, మనసు నొచ్చుకుంటూ ఇచ్చేది రాజసంలో పడింది. తామసం కాలేదు గానీ సాత్వికమూ కాలేదు.

ఆన్‌లైన్ కొనుగోళ్ళలో ఈ సిగ్గును వాడుకోవడాన్ని ప్రభుత్వం కూడా గుర్తించింది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు తెచ్చింది. చేయకూడనివి పదమూడు అందులో ఉన్నాయి. మనల్ని అడగకుండా బిల్లులో విరాళం కలపడం ఒకటి. వద్దనుకున్నవాడిని సిగ్గుపరిచే మాటలు బటన్ మీద రాయడం ఇంకొకటి. దానికి వాళ్ళు ఇచ్చిన ఉదాహరణే దాతృత్వం గురించి! విరాళం వద్దనుకునేవాడు, తనకు పేదల గోడు పట్టదన్నట్టుండే మాట మీద నొక్కితే తప్ప బయటపడలేకపోవడం. అది తప్పు అని రాశారు. అయితే ఇవి స్క్రీన్ల గురించి రాసినవి. గల్లా దగ్గర ఒక మనిషి నోటితో అడిగితే, వెనక వరుస చూస్తుంటే, అక్కడ రాయకుండానే అదే బటన్ ఉంటుంది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ. మహాభారతం అశ్వమేధ పర్వంలోది. ముంగిస కథ అంటే మీలో చాలామందికి గుర్తొస్తుంది. ధర్మరాజు అశ్వమేధం ముగిసింది. దానాలు ఏరులై పారాయి. అప్పుడు ఒక పక్క ఒళ్ళంతా బంగారమైన ముంగిస వచ్చి, ఈ యాగం కురుక్షేత్రంలో ఒక పేద బ్రాహ్మడు పెట్టిన పేలపిండికి సాటి రాదంటుంది. ఆ బ్రాహ్మడు పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. ఇంట్లో నలుగురు: ఆయన, భార్య, కొడుకు, కోడలు. కరువు కాలం. ఎన్నో రోజుల పస్తుల తర్వాత కొంచెం ధాన్యం దొరికింది. పిండి చేసుకుని నాలుగు భాగాలు చేసుకున్నారు. తినబోయేసరికి అతిథి వచ్చాడు. బ్రాహ్మడు తన భాగం ఇచ్చాడు. అతిథికి ఆకలి తీరలేదు. చివరికి నలుగురి భాగాలూ పోయాయి. ఆ వచ్చినవాడు ధర్మదేవత. ఆ అతిథి తిన్నచోట రాలిన పిండిలో పొర్లితే ముంగిసకు సగం ఒళ్ళు బంగారమైంది. మిగతా సగం కోసం యాగాలన్నీ తిరిగింది, ధర్మరాజు యాగశాలలో కూడా పొర్లింది. కాలేదు.

ఇంతవరకు అందరూ చెబుతారు. పేదవాడి దానం గొప్పది అని ముగిస్తారు. కథలో నడిమి ముక్క మాత్రం మనం తొందరలో వదిలేస్తాం. భార్య తన భాగం ఇస్తానన్నప్పుడు ఆ బ్రాహ్మడు వెంటనే తీసుకోలేదు. నువ్వు ఆకలితో ఎముకల గూడులా ఉన్నావు, నీ తిండి తీసి నేనెలా ఇస్తాను అన్నాడు. ఆవిడ పట్టుబట్టింది. కొడుకు విషయంలోనూ అంతే. కోడలి దగ్గరికి వచ్చేసరికి ఆయన ఇంకా వెనకాడాడు. చిన్నదానివి, గాలికీ ఎండకీ వడలిపోయావు, నీ భాగం తీసుకుంటే నేను ధర్మం తప్పినవాణ్ణి అవుతాను అన్నాడు. ఆ పిల్ల ఒప్పించిన తర్వాతే చెయ్యి చాచాడు.

అంటే ఇంటి గడపలో సాక్షాత్తూ ధర్మమే ఆకలితో కూర్చుని ఉన్నప్పుడు కూడా, ఆ ఇంటి పెద్ద ప్రతి ఒక్కరికీ "నువ్వు ఇవ్వక్కర్లేదు" అని ముందు చెప్పాడు. వద్దనే దారి తెరిచి పెట్టాడు. ఆ దారి తెరిచి ఉండగా వాళ్ళు ఇచ్చారు. ముంగిసను బంగారం చేసింది ఆ పిండి అని నేను అనుకుంటాను.

కోరుట్ల అమ్మకు గల్లా దగ్గర "నీకు వద్దులేమ్మా, ఉన్నవాళ్ళు ఇస్తారు" అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ మాట ఆవిడ తనకు తానే చెప్పుకోవలసి వచ్చింది. చెప్పుకుంది. ఇందులో పాపం ఎక్కడుంది? భాగవతంలో వామనుడికి మూడడుగులు ఇవ్వబోయే బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు అడ్డుపడి చెప్పిన మాటల్లో ఇదీ ఒకటి: బతుకుతెరువునే దెబ్బతీసే దానాన్ని పెద్దలు మెచ్చుకోరు. శుక్రుడు రాక్షస గురువు, ఆయన మాట మనకెందుకు అనవచ్చు. ఆయన మాట బలి వినలేదు నిజమే. కానీ గమనించండి, బలికి అన్నీ తెలిశాయి. అడిగేదెవరో చెప్పారు, ఏం పోతుందో చెప్పారు, కాదనమని గురువే చెప్పాడు. అన్నీ విని, కాదనగలిగి, ఇచ్చాడు. వెనక వరుసలో ఎవరో చూస్తున్నారని ఇవ్వలేదు.

ఈ మాటలన్నీ సిరిసిల్లలో నా మిత్రుడితో అన్నాను. ఆయన సాంచాల మీద ఇరవై ఏళ్ళు పనిచేసి ఇప్పుడు చిన్న టీ కొట్టు పెట్టుకున్నాడు. నా మాటలు విని ఆయన ఒప్పుకోలేదు. "నువ్వు ఇచ్చేటోని మనసు సంగతే చెప్తున్నవ్. తినేటోని సంగతి చెప్పు. సాంచాలు బందయిన రోజులల్ల మా వాడకు ఎవరో బియ్యం పంపిన్రు. పంపినోళ్ళు మనస్ఫూర్తిగ ఇచ్చిన్రా, మొహమాటానికి ఇచ్చిన్రా అని మేం అడగలే. అన్నం వండుకున్నం."

దీనికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ పూర్తి జవాబు ఉందని చెప్పను. మన ప్రాంతం నుంచి గల్ఫ్ పోయినవాళ్ళలో ఎవరైనా అక్కడ చనిపోతే, శవాన్ని ఇంటికి తెప్పించడానికి, వెనక ఉన్న పిల్లలకు ఏదో ఒకటి చేయడానికి చందాలు పోగుచేస్తారు. వాట్సాప్ గ్రూపులో పేర్లు పెడతారు, ఎవరెంత ఇచ్చారో అందరికీ కనిపిస్తుంది. సిగ్గుపడి ఇచ్చినవాళ్ళు అందులో తప్పకుండా ఉంటారు. అయినా ఆ డబ్బుతోనే ఆ తల్లి కొడుకును చివరిసారి చూసుకుంది. శ్రద్ధ లేదు కాబట్టి ఆ చందా పనికిరాదని ఏ నోటితో అనగలం? అనలేను. దాత పుణ్యం లెక్క దాతది, ఆకలి లెక్క ఆకలిది. నా మిత్రుడు చెప్పింది రెండో లెక్క. అది నిజం.

కానీ ఆ చందాకూ ఈ గల్లాకూ ఒక తేడా ఉంది, టీ తాగుతూ ఇద్దరం దాని దగ్గరికే వచ్చాం. చందా అడిగినవాడు మన ఊరివాడు. రేపు బస్టాండులో కనిపిస్తే "ఆ డబ్బు ఏమైందిరా, అందిందా?" అని అడగొచ్చు. వినాయక చవితికి రసీదు పుస్తకం పట్టుకొచ్చే పోరగాళ్ళు కూడా అంతే. పట్టుకుంటే వదలరు, బలవంతం లేదని చెప్పను. కానీ ఎవరింట్లో ఏ కష్టం ఉందో వాళ్ళకు తెలుసు. ఆ ఇంటి ముందు రసీదు పుస్తకం తీయకుండా దాటిపోతారు. గల్లాకు ఆ కన్ను లేదు. నాలుగువేల బిల్లు చేసిన పెద్దమనిషినీ, బట్వాడా డబ్బు కొంగున ముడేసుకొచ్చిన ఆవిడనూ ఒకే గొంతుతో అడుగుతుంది. పేదపిల్లల కోసమని అడిగింది ఎవరి మనుమరాలిని చెయ్యి పట్టుకుని నిలబడ్డావిడను? ఇది చెబితే నా మిత్రుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పాత దుకాణాలల్ల కొసరు ఏసెటోళ్ళు" అన్నాడు. నిజమే. కిలో పప్పు తూచి, పైన ఒక గుప్పెడు కొసరు వేసేవాడు షావుకారు. గల్లా దగ్గర కొనేవాడికి అందేది అది. ఇప్పుడు కొసరు మననే అడుగుతున్నారు.

మరి ఏం చేయాలి అంటారు మీరు. శాస్త్రం చెప్పి వదిలేస్తే సరిపోదు కదా.

మన వేములవాడ రాజన్న కోడె మొక్కు చూడండి. కోడె కడతానని మొక్కుకునేది గుడి దగ్గర కాదు. ఇంట్లో, కష్టమొచ్చిన రాత్రి, ఎవరూ చూడనప్పుడు. ఎవరూ అడగలేదు. ఎంత చేయాలో, ఎప్పుడు చేయాలో తనే అనుకుంటాడు. గుడికి వచ్చేది దాన్ని చెల్లించడానికే. పేదవాళ్ళు కూడా ఎంత శ్రద్ధగా చెల్లిస్తారో మీరే చూసి ఉంటారు. దానం కూడా అలా ఇంట్లోనే తేల్చుకోవలసింది. మా నాయినమ్మ ఎసరు పెట్టేటప్పుడు బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆ కుండ ఎవరికో ఆవిడకు ముందే తెలియదు. జంగమయ్య వస్తే ఆయనకు, పక్కింట్లో కష్టమొస్తే వాళ్ళకు. ఇంట్లో బియ్యం తక్కువున్న రోజు పిడికెడు చిన్నదయ్యేది, కానీ తీసేది. గడప ముందు ఎవరైనా అడిగితే ఆవిడ మొహమాటపడటం నేను చూడలేదు. కుండలో ఉంటే ఇచ్చేది, లేకపోతే "ఇయ్యాల లేదు బిడ్డా" అనేది. రెండూ ఒకే గొంతుతో.

నేను చేసేది కూడా దాదాపు ఇదే. నెల మొదట్లో ఇంత అని పక్కన పెడతాను. అది ఎవరికి వెళ్ళాలో నేనూ మా ఆవిడా కూర్చుని అనుకుంటాం. అన్నదానానికి కొంత, మా వీధిలో చదువుకునే ఒక పిల్లకు కొంత. గల్లా దగ్గర ఎవరైనా అడిగితే, ఎవరికి పోతుందమ్మా అని అడుగుతాను. ఆ సంస్థ పేరు నాకు తెలిసి, నమ్మకం ఉంటే సంతోషంగా ఇస్తాను, ఇచ్చాక దాని గురించి మళ్ళీ ఆలోచించను. లేకపోతే "ఈసారి వద్దమ్మా" అంటాను. కారణాలు చెప్పను, ఫోను చూసుకుంటున్నట్టు నటించను. ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవలసిన పని లేదు. అడిగిన ఆ అమ్మాయి మొహంలోకి చూసి నవ్వితే చాలు, ఆ పిల్ల కూడా ఊపిరి పీల్చుకుంటుంది.

ఇంతా చదివి, "గురువుగారు వద్దనమన్నారు" అని ఎవరూ చెప్పకండి. కలిగినవాళ్ళకు ఈ వ్యాసం తప్పించుకునే దారి కాదు. గల్లా దగ్గర వద్దన్నవాళ్ళు ఇంట్లో కుండ పెట్టారా లేదా అన్నది వాళ్ళు చూసుకోవాలి. నేను చెప్పేది కోరుట్ల అమ్మలాంటి వాళ్ళ గురించి. అమ్మా, ఇది నీకు ఎవరైనా చదివి వినిపిస్తే, నీ పదమూడు రూపాయలు నీ మనుమరాలి నోటుబుక్కుకు పెట్టు. పిల్లల చదువుకు పెట్టిన పైసలు పాపం లెక్కలోకి రావు. ధర్మపురిలో నువ్వు దండం పెట్టుకున్న యమధర్మరాజు దగ్గర చిట్టా రాసేవాడు చిత్రగుప్తుడు. నీ వెనక నిలబడ్డవాళ్ళకు అందులో రాసే పని లేదు.

ఆ మాట పట్టుకుని, జగిత్యాలలో అదే దుకాణానికి నేను కూడా వెళ్ళాను. సాయంత్రం రద్దీ లేని వేళ చూసుకుని మేనేజరును పక్కకు పిలిచి రెండు సంగతులు అడిగాను. ఈ డబ్బు ఏ సంస్థకు పోతుంది, పోయిన ఏడాది ఎంత పోగయింది, ఎంత చేరింది అన్నది ఒకటి. చిన్న బిల్లులు చేసేవాళ్ళను అడగకుండా వదిలేయగలరా అన్నది ఇంకొకటి. మంచి కుర్రాడు, కుర్చీ వేశాడు. గోడ మీద పోస్టరు చూపించాడు. అందులో పిల్లల బొమ్మ ఉంది, దుకాణం పేరు ఉంది, సంస్థ పేరు లేదు. రెండో ప్రశ్నకు, "సార్, బిల్లు తెర మీద అందరికీ అదే వస్తది, మా చేతుల లేదు" అన్నాడు. పైవాళ్ళను అడిగి చెబుతానని నా నంబరు రాసుకున్నాడు. ఇది రాసే రోజుకు ఫోను రాలేదు. వస్తే ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు ఇక్కడ రాస్తాను.